డేటా బదిలీ ఆగిపోతే కోడ్‌కు 'ఫెయిల్యూర్' అనే ఒక్క మాటే వస్తోంది: అసలు కారణం రాబట్టడం ఎలా?

పాలపుంత | సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. నేను ఒక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘానికి లెక్కల సాఫ్ట్‌వేర్ చూస్తున్నాను. పదిహేను రోజులకోసారి సేకరణ కేంద్రాల నుంచి ఒక ఫైలు వస్తుంది. రైతు సంఖ్య, పేరు, లీటర్లు, వెన్న శాతం, చెల్లించవలసిన సొమ్ము, అన్నీ కామాలతో విడదీసి ఉంటాయి. దాన్ని ఎస్‌ఎస్‌ఐఎస్ (డేటాను ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చే మైక్రోసాఫ్ట్ సాధనం) ప్యాకేజీ ద్వారా ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లోకి ఎక్కిస్తాం. ప్యాకేజీని సి షార్ప్ ప్రోగ్రామ్ నడుపుతుంది.

రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు. ఈసారి ఆగిపోయింది. ప్యాకేజీని నడిపే ఎగ్జిక్యూట్ మెథడ్ తిరిగి ఇచ్చేది 'ఫెయిల్యూర్' అనే ఒక్క మాట. తప్పుల్ని పట్టుకునే ట్రై, క్యాచ్ పెట్టి చూశాను, క్యాచ్‌లోకి అసలు రావడం లేదు. అదే ప్యాకేజీని విజువల్ స్టూడియోలో తెరిచి నడపడానికి ఆ సర్వర్ మీద నాకు అనుమతి లేదు. ఫైలులో 1,836 వరుసలు ఉన్నాయి. ఏ వరుస దగ్గర ఆగిందో, ఎందుకు ఆగిందో కోడ్‌లోనే తెలుసుకునే దారి ఉందా? గురువారానికి రైతుల ఖాతాల్లో డబ్బు పడాలి. దయచేసి చెప్పండి.

మంజీర | సోమవారం, ఉదయం 10:40

పాలపుంత గారూ, ఉంది. క్యాచ్‌లోకి రాకపోవడం మీ కోడ్ లోపం కాదు. ప్యాకేజీ లోపల ఏ పని విఫలమైనా ఎగ్జిక్యూట్ మెథడ్ ఎక్సెప్షన్ (క్యాచ్ పట్టుకునే తప్పు సంకేతం) విసరదు, ఫలితాన్ని మాత్రమే చెబుతుంది. ఎక్సెప్షన్ సాధారణంగా అంతకుముందే, ప్యాకేజీని తెరిచే లోడ్‌ప్యాకేజ్ దగ్గర వస్తుంది: ఫైలు దొరక్కపోయినా, ప్యాకేజీ పాస్‌వర్డ్ తప్పయినా. కాబట్టి ట్రై, క్యాచ్ ఉంచండి, కానీ దాని మీదే ఆధారపడకండి.

నడవడం పూర్తయ్యాక ప్యాకేజీ ఆబ్జెక్టులోనే ఎర్రర్స్ అనే కలెక్షన్ నిండి ఉంటుంది. అందులోని ఒక్కో అంశానికీ డిస్క్రిప్షన్, ఎర్రర్‌కోడ్, సోర్స్, సబ్‌కాంపోనెంట్, టైమ్‌స్టాంప్ ఉంటాయి. వేదికలో అందరికీ అర్థమయ్యేలా తెలుగులో రాస్తున్నాను:

ఫలితం = ప్యాకేజ్.ఎగ్జిక్యూట్()
ఫలితం ఫెయిల్యూర్ అయితే:
    ప్యాకేజ్.ఎర్రర్స్‌లోని ప్రతి తప్పుకూ:
        లాగ్‌కు చేర్చు (తప్పు.సబ్‌కాంపోనెంట్, తప్పు.ఎర్రర్‌కోడ్, తప్పు.డిస్క్రిప్షన్)

సబ్‌కాంపోనెంట్‌ను వదిలేయకండి. డేటా ఫ్లో (డేటాను చదివి గమ్యానికి చేర్చే దశ) లోపల ఏ భాగం మొరాయించిందో చెప్పేది అదే. సోర్స్‌లో టాస్క్ పేరు వరకే ఉంటుంది.

పాతకాపు | సోమవారం, ఉదయం 11:05

ఇది కొత్త తలనొప్పి కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 రోజుల్లో డీటీఎస్ (ఎస్‌ఎస్‌ఐఎస్‌కు ముందుతరం సాధనం) ప్యాకేజీలను విజువల్ బేసిక్ 6 నుంచి నడిపేవాళ్లం. అప్పుడూ ఇంతే, ప్యాకేజీ నడిచి ముగిసేది, తప్పు పైకి వచ్చేది కాదు. ఒక్కో స్టెప్ దగ్గరికీ వెళ్లి, ఎగ్జిక్యూషన్ రిజల్ట్ చూసి, విఫలమైన స్టెప్ మీద గెట్‌ఎగ్జిక్యూషన్‌ఎర్రర్‌ఇన్ఫో పిలిస్తే సంఖ్య, మూలం, వివరణ చేతికి వచ్చేవి. 2005లో ఎస్‌ఎస్‌ఐఎస్ వచ్చాక పేర్లు మారాయి. 'జరిగింది మాత్రం చెబుతాను, ఎందుకు జరిగిందో నువ్వే అడుగు' అనే పద్ధతి మారలేదు. అడగడం తెలిసినవాడికి అన్నీ దొరుకుతాయి.

పాలపుంత | సోమవారం, మధ్యాహ్నం 12:31

మంజీర గారూ, పాతకాపు గారూ, ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే లూప్ తిప్పి లాగ్ టేబుల్‌లో రాయించాను. వచ్చింది ఇది:

ఎర్రర్‌కోడ్ -1073450952. ఫ్లాట్ ఫైల్ సోర్స్ మీద ప్రైమ్‌అవుట్‌పుట్ మెథడ్ ఒక ఎర్రర్ కోడ్ తిరిగి ఇచ్చిందట. పైప్‌లైన్ ఆగిపోయిందట. ఇంతకు ముందే నమోదైన సందేశాల్లో మరిన్ని వివరాలు ఉండవచ్చునట.

ఆ 'ముందే నమోదైన సందేశాలు' ఎక్కడున్నాయి? లాగ్‌లో ఈ ఒక్కటే ఉంది.

నాగావళి | సోమవారం, మధ్యాహ్నం 12:50

పాలపుంత గారూ, మీ లూప్ లోపలి లైను ఒకసారి చూపిస్తారా? ప్రతిసారీ పాత సందేశానికి కొత్తది చేరుస్తున్నారా, పాతదాని స్థానంలో కొత్తది పెడుతున్నారా?

పాలపుంత | సోమవారం, మధ్యాహ్నం 12:58

స్థానంలో పెడుతున్నాను. ఒక స్ట్రింగ్ వేరియబుల్‌కు సమానం గుర్తుతో ఇచ్చాను. అంటే చివరిది మాత్రమే మిగిలింది. ఇప్పుడే సరిచేస్తాను.

నాగావళి | సోమవారం, మధ్యాహ్నం 1:20

అదే అనుకున్నాను. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలోనే అందరూ సమయం పోగొట్టుకుంటారు.

డేటా ఫ్లోలో ఒక్క తప్పు జరిగితే ఒక్క సందేశం రాదు, గొలుసు వస్తుంది. ఫైలు చదివే భాగం మొదట ఒక కాలమ్ దగ్గర తడబడుతుంది, దానికొక సందేశం. ఆ తడబాటు వస్తే ఆగిపోమని అమరిక ఉంది కాబట్టి ఆగుతున్నానని రెండో సందేశం. ఫైలులో ఫలానా వరుస దగ్గర ఆగానని మూడోది. ఆ భాగాన్ని నడుపుతున్న పైప్‌లైన్ ఇంజన్ 'నేనూ ఆపేస్తున్నాను' అని నాలుగోది. మీకు దొరికింది ఆ నాలుగోది. పైకి వచ్చేకొద్దీ సందేశం అసలు కారణానికి దూరమవుతుంది. ఊళ్లో పొలానికి నీళ్లు రాలేదంటే చివరి కాలువ దగ్గర నిలబడి 'నీళ్లు లేవు' అన్నట్టు ఉంటుంది అది. గండి ఎక్కడ పడిందో తెలియాలంటే కాలువ వెంట ఎగువకు నడవాలి. ఎర్రర్స్ కలెక్షన్‌లో మొదటి అంశం నుంచి చదవండి.

ఇంకో మాట. ఆ రుణ సంఖ్యను చూసి కంగారు పడకండి. ఎర్రర్‌కోడ్ గుర్తుతో కూడిన 32 బిట్ల సంఖ్య కాబట్టి అలా కనిపిస్తుంది. దాన్ని హెక్స్ రూపంలోకి మార్చి వెతికితే మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఎర్రర్ల పట్టికలో నేరుగా దొరుకుతుంది. కాలిక్యులేటర్‌లో ప్రోగ్రామర్ అమరిక పెట్టి, 32 బిట్లు ఎంచుకుని మార్చండి. 64 బిట్లలో మారిస్తే ముందు అనవసరంగా పొడవైన అక్షరాల వరుస చేరుతుంది.

పాలపుంత | సోమవారం, మధ్యాహ్నం 2:15

దొరికాయి! నాలుగూ వరుసగా పెడుతున్నాను, సందేశాల సారం తెలుగులో:

1. -1071636319. 'రైతు పేరు' కాలమ్ డేటా మార్పిడి విఫలమైంది. స్థితి విలువ 4. పాఠ్యం కత్తిరించబడింది, లేదా ఒకటో అంతకన్నా ఎక్కువో అక్షరాలకు గమ్య కోడ్ పేజీలో (అక్షరాల పట్టికలో) సరిజోడు లేదు.
2. -1071607766. కత్తిరింపు జరిగింది, కత్తిరింపు జరిగితే విఫలం కావాలని అమరిక ఉంది కాబట్టి ఆగింది.
3. -1071636334. ఫైలును చదువుతుండగా డేటా వరుస 214 దగ్గర తప్పు.
4. ఇందాకటిదే.

214వ వరుస తెరిచి చూశాను. ఒక మహిళా రైతు పేరు, తెలుగులో రాసి ఉంది. గత నెల నుంచి మూడు కేంద్రాల్లో పేర్లు తెలుగులోనే ఎక్కించడం మొదలుపెట్టారు. అసలు పేరు ఇక్కడ రాయకూడదు కాబట్టి అంతే పొడవున్న మరో పేరు చెబుతాను: వెంకట సుబ్బలక్ష్మి. కాలమ్ వెడల్పు 50. పేరులో 50 అక్షరాలు లేవు కదా! పోనీ తెలుగు అక్షరాలకు సరిజోడు లేదనుకుందామంటే, 214కు ముందు కూడా తెలుగు పేర్లు చాలా ఉన్నాయి. వాటి దగ్గర ఆగలేదెందుకు?

మంజీర | సోమవారం, మధ్యాహ్నం 2:44

మంచి ప్రశ్న. కనెక్షన్ మేనేజర్‌లో (ఫైలును ఎలా చదవాలో చెప్పే అమరికలో) కోడ్ పేజీ 1252 ఉందా? ఫైలు యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) వస్తోందా?

పాలపుంత | సోమవారం, మధ్యాహ్నం 2:52

అవును, 1252 ఉంది. ఫైలు యూటీఎఫ్-8. కాలమ్ రకం మామూలు స్ట్రింగ్, యూనికోడ్ కాదు.

మంజీర | సోమవారం, మధ్యాహ్నం 3:30

అయితే లెక్క తేలింది. కాగితం మీద వేసి చూపిస్తాను.

వెంకట సుబ్బలక్ష్మి అనే పేరు కంటికి ఏడు అక్షరాలు, మధ్యలో ఒక ఖాళీ. కంప్యూటర్‌కు అలా కాదు. వ, ఎత్వం, సున్న, క, ట: ఐదు. స, ఉత్వం, బ, పొల్లు, బ, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, ఇత్వం: పన్నెండు. మొత్తం 17 తెలుగు సంకేతాలు, ఒక ఖాళీ. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. 17 మూళ్లు 51, ఖాళీకి 1, వెరసి 52. మీ కాలమ్‌లో చోటు 50. రెండు బైట్లు పట్టలేదు.

శ్రీనివాస్ అనే పేరు తీసుకోండి: 10 సంకేతాలు, 30 బైట్లు. హాయిగా పట్టేస్తుంది. అందుకే దాని దగ్గర ఆగలేదు.

కానీ పాలపుంత గారూ, ఆగకపోవడం అంటే సరిగా చేరడం కాదు. కోడ్ పేజీ 1252 అంటే పశ్చిమ యూరప్ భాషల అక్షరాల పట్టిక, ఒక్కో బైటూ ఒక్కో అక్షరం. తెలుగు బైట్లను అది అలాగే చదివితే ఒక సంకేతం మూడు వేర్వేరు గుర్తులుగా విడిపోతుంది. సందేశంలో 'లేదా' అనే మాట ఉంది చూశారా? కత్తిరింపుకూ, సరిజోడు లేకపోవడానికీ ఒకే వాక్యం వాడారు. మీ విషయంలో ఆగింది కత్తిరింపు వల్ల. దాని వెనకున్న జబ్బు కోడ్ పేజీ. గత పక్షంలో ఎక్కించిన పేర్లు ఒకసారి తెరిచి చూడండి. నా భయం నిజం కాకూడదని కోరుకుంటున్నాను.

పాలపుంత | సోమవారం, సాయంత్రం 4:08

నిజమే అయింది. గత పక్షం ఫైలులోని తెలుగు పేర్లన్నీ టేబుల్‌లో గజిబిజిగా ఉన్నాయి. నెత్తిన వాలుగీత ఉన్న రోమన్ అక్షరం, పక్కనే డిగ్రీ గుర్తు, మళ్లీ అదే అక్షరం, పక్కన ప్లస్ మైనస్ గుర్తు. 61 మంది పేర్లు. ఆ పక్షంలో పొడవైన పేరు ఒక్కటీ లేదు కాబట్టి ప్యాకేజీ 'సక్సెస్' అని చెప్పి ముగిసింది. డబ్బు రైతు సంఖ్య మీద పోతుంది కాబట్టి సరైన ఖాతాలకే చేరింది. రశీదుల మీద మాత్రం ఈ గుర్తులే అచ్చయి ఉంటాయి. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. పాలు పోసి, రశీదు మీద తన పేరు చదువుకోలేక ఇంటికి వెళ్లిన మనిషి గుర్తుకొస్తే బాధగా ఉంది.

నాగావళి | సోమవారం, సాయంత్రం 4:35

మీరు బాధపడటంలోనే ఆ రైతులకు న్యాయం ఉంది. సరిదిద్దండి, దారి కష్టమైనది కాదు.

కనెక్షన్ మేనేజర్‌లో కోడ్ పేజీని 65001కి మార్చండి, అది యూటీఎఫ్-8. పేరు కాలమ్‌ను యూనికోడ్ స్ట్రింగ్‌గా మార్చి వెడల్పు 100 ఇవ్వండి. గమ్య టేబుల్‌లో ఆ కాలమ్ ఎన్‌వార్‌చార్ (యూనికోడ్ పాఠ్యం పట్టే రకం) కావాలి. అది వార్‌చార్‌గానే మిగిలితే ఈసారి గజిబిజి గుర్తుల బదులు ప్రశ్నార్థకాలు రావచ్చు, అవి మరీ ప్రమాదం. గజిబిజిలో అసలు బైట్లు మిగిలి ఉంటాయి. ప్రశ్నార్థకం అయిపోయిన అక్షరాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. మూల ఫైళ్లు దాచి ఉంచారు కదా?

పాలపుంత | సోమవారం, సాయంత్రం 4:41

ఉన్నాయి, ఏడాది పాటివి దాస్తాం.

తుంగభద్ర | సోమవారం, రాత్రి 8:17

ఈ చర్చ చదువుతుంటే మా ఇబ్బంది కూడా ఇక్కడే అడగాలనిపించింది. మేము ప్యాకేజీని నేరుగా నడపం. కోడ్ నుంచి ఎస్‌పీ స్టార్ట్ జాబ్ పిలిచి ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్ (పనులను నేపథ్యంలో నడిపే సేవ) జాబ్‌ను మొదలుపెడతాం. అది విజయవంతం అనే చెబుతుంది. కాసేపటికి చూస్తే జాబ్ విఫలమై ఉంటుంది. చరిత్రలో 'జాబ్ విఫలమైంది, చివరగా నడిచింది ఒకటో స్టెప్' అని మాత్రమే ఉంటుంది.

పెన్నా | సోమవారం, రాత్రి 9:02

తుంగభద్ర గారూ, స్టార్ట్ జాబ్ చెప్పే విజయం 'మొదలుపెట్టాను' అన్నంత వరకే. అది జాబ్ ముగిసే దాకా ఆగదు. మీ కోడ్ కొంత కొంత వ్యవధితో స్థితి చూస్తూ ఉండాలి.

మీరు చదువుతున్నది జాబ్‌ల చరిత్ర ఉండే సిస్‌జాబ్‌హిస్టరీ టేబుల్‌లో స్టెప్ సంఖ్య 0 ఉన్న వరుస. అది మొత్తం జాబ్‌కు సంబంధించిన సారాంశం. స్టెప్ సంఖ్య 1 ఉన్న వరుస తీసుకోండి, అసలు సందేశం అక్కడ ఉంటుంది. అక్కడ కూడా ఒక ఇబ్బంది ఉంది: ఆ సందేశం కాలమ్‌లో 4,000 అక్షరాలే పడతాయి. ప్యాకేజీ ఎక్కువ మాట్లాడితే తోక తెగిపోతుంది. స్టెప్ అమరికల్లో అడ్వాన్స్‌డ్ పేజీలో టేబుల్‌కు లాగ్ చేసే ఎంపిక ఉంది. అది పెట్టుకుని ఎస్‌పీ హెల్ప్ జాబ్‌స్టెప్‌లాగ్ పిలవండి, పూర్తి పాఠం వస్తుంది.

మీ ప్యాకేజీ ఎస్‌ఎస్‌ఐఎస్ కేటలాగ్‌లో (సర్వర్‌లోనే ప్యాకేజీలు దాచే చోట) ఉందా, ఫైలుగా ఉందా?

తుంగభద్ర | సోమవారం, రాత్రి 9:10

కేటలాగ్‌లో. స్టెప్ సందేశంలో 'ఎగ్జిక్యూషన్ ఐడీ' అని ఒక సంఖ్య, 'స్టేటస్ 4' అని కనిపిస్తున్నాయి. రిపోర్టు తెరిచి చూడమంటోంది.

పెన్నా | సోమవారం, రాత్రి 9:48

ఆ సంఖ్యే తాళంచెవి. రిపోర్టు తెరవనక్కరలేదు. 2012 నుంచి కేటలాగ్‌లో నడిచిన ప్రతి ప్యాకేజీ సందేశాలూ ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీ డేటాబేస్‌లోనే చేరతాయి. కేటలాగ్ స్కీమాలోని ఈవెంట్ మెసేజెస్ వ్యూ మీద, ఆపరేషన్ ఐడీ మీ సంఖ్యకు సమానంగా, మెసేజ్ టైప్ 120గా పెట్టి సెలెక్ట్ చేయండి. 120 అంటే ఎర్రర్, 110 అంటే హెచ్చరిక. వరుసల్ని ఈవెంట్ మెసేజ్ ఐడీ క్రమంలో పేర్చండి. నాగావళి గారు చెప్పిన గొలుసు ఎగువ నుంచి దిగువకు కనిపిస్తుంది. స్టేటస్ 4 అంటే విఫలం, 7 అంటే విజయం, 6 అంటే అర్ధాంతరంగా ముగిసింది. మీ కోడ్ 4ను మాత్రమే వైఫల్యంగా చూస్తుంటే 6 వచ్చిన రోజు అది ఎప్పటికీ ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

మా దగ్గర ఒకసారి ఎదురైన మూడు విషయాలు కూడా రాస్తాను. లాగింగ్ స్థాయి 0 పెడితే స్థితి తప్ప సందేశాలేవీ నమోదు కావు. ఎవరో వేగం కోసం అలా మార్చి వెళ్లారు, మేము రెండు రోజులు ఖాళీ వ్యూ చూస్తూ కూర్చున్నాం. రెండోది అనుమతి: ఆ వ్యూలు మీకు హక్కున్న వరుసల్నే చూపిస్తాయి, హక్కు లేకపోతే ఎర్రర్ రాదు, ఖాళీ ఫలితం వస్తుంది. 2016 నుంచి ఎస్‌ఎస్‌ఐఎస్ లాగ్‌రీడర్ అనే పాత్ర ఉంది, మీ సర్వీస్ ఖాతాకు అది ఇప్పించుకోండి. మూడోది, స్టార్ట్ ఎగ్జిక్యూషన్‌ను మీ కోడ్ నుంచే నేరుగా పిలిచి, ముగిసేదాకా ఆగాలంటే సింక్రనైజ్డ్ పారామీటర్‌ను 1 చేయాలి, దాని ఆబ్జెక్ట్ టైప్ 50. కానీ ఎస్‌క్యూఎల్‌కమాండ్ గడువు మామూలుగా 30 సెకన్లే. గడువు పెంచకపోతే మీకొచ్చేది టైమౌట్ ఎర్రర్, ప్యాకేజీ తప్పు కాదు. నేనైతే సింక్రనైజ్డ్ వాడను. మొదలుపెట్టి, ఐడీ దాచుకుని, పది సెకన్లకోసారి స్థితి చూస్తాను.

తుంగభద్ర | సోమవారం, రాత్రి 10:20

వ్యూ ఖాళీగా వచ్చింది, మీరు చెప్పిన అనుమతి సంగతే అయి ఉంటుంది. రేపు అడ్మిన్‌ను అడుగుతాను. ఈ సాయం మరచిపోను.

నాగావళి | మంగళవారం, ఉదయం 7:30

పాలపుంత గారి ప్రశ్నకు ఇంకో కోణం ఉంది. ఎర్రర్స్ కలెక్షన్ ముగిశాక చదివేది. ప్యాకేజీ అరగంట నడిచేదైతే అప్పటిదాకా చీకట్లో ఉండాలి. డిఫాల్ట్‌ఈవెంట్స్ అనే క్లాసు నుంచి మీ సొంత క్లాసు తయారుచేసి ఆన్‌ఎర్రర్‌ను ఓవర్‌రైడ్ చేయండి. దాన్ని లోడ్‌ప్యాకేజ్‌కూ, ఎగ్జిక్యూట్‌లోని ఈవెంట్స్ స్థానానికీ ఇవ్వండి, మిగతా స్థానాలు నల్ ఉంచవచ్చు. తప్పు జరిగిన క్షణానే కోడ్, సబ్‌కాంపోనెంట్, వివరణ మీ చేతికి వస్తాయి. ఆన్‌వార్నింగ్ కూడా అలాగే. ఆన్‌ఎర్రర్ చివర ఫాల్స్ తిరిగి ఇవ్వడం మరవకండి. నా అభిప్రాయంలో పనికి కుదిరేది ఇదే, కలెక్షన్ తిప్పడం రెండో మార్గం.

మంజీర | మంగళవారం, ఉదయం 8:05

ఇక్కడ నేను కొంచెం విభేదిస్తాను. రెండు నిమిషాల్లో ముగిసే ప్యాకేజీకి కలెక్షన్ చాలు, రాయాల్సిన కోడ్ ఐదు లైన్లు. అయితే రెండింటిలో ఏదైనా సరే, 214వ వరుస ఒక్కటే చెబుతుంది. 900వ వరుసలోనూ, 1,500వ వరుసలోనూ ఇదే తప్పు ఉందనుకోండి, మొదటిది సరిచేసి మళ్లీ నడిపితే గాని రెండోది తెలియదు. దానికి కోడ్ కన్నా ప్యాకేజీలోనే మార్పు మేలు. ఫ్లాట్ ఫైల్ సోర్స్‌కు ఎర్రర్ అవుట్‌పుట్ ఉంది. తప్పుకూ, కత్తిరింపుకూ 'వరుసను మళ్లించు' అని పెట్టి, దాన్ని వేరే టేబుల్‌కు కలపండి. చెడిన వరుస మొత్తం పాఠంగా, ఎర్రర్‌కోడ్, ఎర్రర్‌కాలమ్‌తో సహా అక్కడ చేరుతుంది. మధ్యలో స్క్రిప్ట్ కాంపోనెంట్ పెట్టి గెట్‌ఎర్రర్‌డిస్క్రిప్షన్ పిలిస్తే కోడ్ స్థానంలో వాక్యం వస్తుంది. ఎర్రర్‌కాలమ్ సంఖ్యను పేరుగా మార్చుకునే సౌకర్యం 2016 నుంచి ఉంది.

పెన్నా | మంగళవారం, ఉదయం 8:22

మంజీర గారు చెప్పింది బాగుంది, కానీ డబ్బు లెక్కల్లో జాగ్రత్త. వరుసల్ని మళ్లిస్తే ప్యాకేజీ 'సక్సెస్' అంటుంది, మళ్లిన రైతులకు సొమ్ము రాదు. ఆ టేబుల్‌లో ఒక్క వరుస ఉన్నా చెల్లింపు దశకు వెళ్లకూడదని మీ కోడ్‌లో తప్పనిసరి తనిఖీ పెట్టండి. అలాగే అందులో పేర్లు, సొమ్ములు ఉంటాయి. అందరికీ తెరిచి ఉంచకండి, సరిచేసిన వెంటనే తుడిచేయండి.

పాతకాపు | మంగళవారం, ఉదయం 9:15

ఎస్‌ఎస్‌ఐఎస్ లేకుండా ఎస్‌క్యూఎల్‌బల్క్‌కాపీ (కోడ్ నుంచే వరుసల్ని మూకుమ్మడిగా ఎక్కించే క్లాసు) వాడేవాళ్లకు ఒక ముక్క. కాలమ్ పొడవు తప్పని చెబుతూ 'కాల్‌ఐడీ 6' లాంటి సంఖ్య ఇస్తుంది. అది మీ ఫైలులో ఆరో కాలమ్ కాకపోవచ్చు, మ్యాపింగుల క్రమంలో లెక్క. బల్క్ ఇన్సర్ట్ వాడితే ఎర్రర్‌ఫైల్ ఎంపిక పెట్టుకోండి, చెడిన వరుసలు విడిగా దొరుకుతాయి. మ్యాక్స్‌ఎర్రర్స్ చెప్పకపోతే 10 తప్పుల దాకా సహిస్తుందని గుర్తుంచుకోండి. పది వరుసలు చేరకపోయినా అది ఆగదన్నమాట.

పాలపుంత | గురువారం, మధ్యాహ్నం 1:40

అందరికీ సంగతి చెప్పాలి.

కోడ్ పేజీ 65001, పేరు యూనికోడ్ 100, టేబుల్‌లో ఎన్‌వార్‌చార్. ఆన్‌ఎర్రర్ క్లాసు రాశాను, ప్రతి సందేశం వచ్చిన క్రమంలోనే వేరే వరుసగా లాగ్‌లో పడుతుంది. చెడిన వరుసలకు టేబుల్ పెట్టి, అది ఖాళీగా లేకపోతే చెల్లింపు బటన్ పనిచేయకుండా చేశాను. పరీక్ష కోసం కావాలని ఒక కేంద్రం ఫైలులో లీటర్ల స్థానంలో అక్షరాలు పెట్టి నడిపాను. వరుస సంఖ్య, కాలమ్ పేరు, కారణం మూడూ తెర మీదికి వచ్చాయి, బటన్ కదల్లేదు.

ఈ ఉదయం 1,836 వరుసలూ ఎక్కాయి. గత పక్షం ఫైలును మళ్లీ ఎక్కించి 61 పేర్లు సరిచేశాను. వాళ్ల రశీదులు కొత్తగా అచ్చు వేయించి, పాల వ్యాను వెంట మూడు కేంద్రాలకూ పంపించాను.

తుంగభద్ర | గురువారం, మధ్యాహ్నం 2:05

చాలా సంతోషం పాలపుంత గారూ. మా అడ్మిన్ లాగ్‌రీడర్ పాత్ర ఇచ్చారు. వ్యూలో 120 రకం వరుసలు ఐదు కనిపించాయి. మొదటిది చదివాను: గమ్య సర్వర్ లాగిన్ పాస్‌వర్డ్ గడువు తీరిందట. ఇప్పుడు పాస్‌వర్డ్ మార్పించే పనిలో ఉన్నాను.